లోపలి పేర్లు

ఆమెకు దాపరికం అనేది చేతకాదు. ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం నిలబడితే, బస్సు వచ్చేలోపల పక్కనున్న మనిషికి తన ఆపరేషన్ సంగతి, మొగుడి ముభావం, అత్తగారు బతికున్నప్పుడు తనను అన్న మాటలు, అన్నీ చెప్పేసేది. పేట దర్గాకు పోవడానికి మూటలమీద కూర్చున్న ఆడవాళ్లు ఆమె మాటల్లో పడి బస్సు పోగొట్టుకున్న రోజులున్నాయి. నేను పక్కన తల దించుకుని నిలబడేవాణ్ణి. "అక్కా, కొంచెం మెల్లగా" అంటే, "ఏంది, దొంగసొత్తా మెల్లగా చెప్పేదానికి?" అనేది.

అలాంటి మనిషి కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం ఒక్క పేరు కూడా బయటికి పొక్కనిచ్చేది కాదు. ఆమె బతుకులో నాకు అన్నిటికంటే వింతగా తోచింది ఇదే.

ఆమె పోయి ఏడాది దాటింది. ఈమధ్య చెన్నై ఆఫీసు నుంచి నాకొక పని వచ్చింది. ఆమె రాసినదాన్ని తీసేసి ఆ చోట కొత్తది రాయమని. ఆ పని ముందేసుకుని కూర్చున్నప్పటినుంచి ఆమె గొంతు చెవిలో మోగుతూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. ఆమె పేరు రాయను. తనైతే "రాసుకో, నాకేం భయమా?" అనే రకమే. కానీ ఇంట్లో ఆమె భర్త ఉన్నాడు. ఆయన కోసమే ఆ పేరు రాయడం లేదు.

మేమిద్దరం ఒకే కంపెనీ. కరోనా రోజుల్లో అందరినీ ఇళ్లకు పంపినప్పుడు ఆమె ఉదయగిరికి, నేను ఆత్మకూరుకు వచ్చేశాం. మళ్లీ రమ్మని వాళ్లు గట్టిగా పిలవలేదు, మేమూ పోలేదు. ఉదయగిరిలో ఆమె ఉండే వీధిలో నెట్ సరిగా రాదు. మా నాయన ఎరువుల అంగడి పైన ఒక గది ఖాళీగా ఉంటే అందులో రెండు బల్లలు వేసుకున్నాం. ఆమె పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేది. మొదటిరోజే మా నాయన మొహానే, "మీ అంగట్లో మూటలతో పాటు మమ్మల్ని గూడా అమ్మేస్తారా ఏంది శెట్టిగారూ?" అంది. మా నాయన గిరాకీల దగ్గర తప్ప ఎక్కడా నవ్వడు. ఆ రోజు నవ్వాడు. అప్పటినుంచి నేనూ ఆమెకు శెట్టినే అయిపోయాను.

మేం చూసేది తూకం కాటాలకు సంబంధించిన లైబ్రరీ. పుస్తకాల లైబ్రరీ కాదు. సి భాషలో రాసిన చిన్న చిన్న ఫంక్షన్ల మూట. కాటా మీదికి బస్తాలు ఎక్కితే అది బరువు చదువుతుంది, గోతాం బరువు తీసేస్తుంది, తరుగు తీసేస్తుంది, మిగిలిన నికరం తూకాన్ని బిల్లు ప్రోగ్రాంకు అందిస్తుంది. బిల్లు ప్రోగ్రాంలు మావి కావు. ఒక్కో ఊళ్లో ఒక్కొక్కరు రాసుకున్నవి. అవన్నీ మా ఒక్క లైబ్రరీనే పంచుకుని వాడుకుంటాయి.

వాటికి కావలసినవి వేళ్లమీద లెక్కపెట్టేటన్ని ఫంక్షన్లే. బరువు చెప్పు, సున్నా చెయ్యి, నికరం ఇవ్వు, అలాంటివి. వాటి వెనకాల మా సొంత వాడకానికి బోలెడన్ని ఉంటాయి. బయటివాళ్లకు వాటితో పనిలేదు. కానీ సి భాషలో ఒక తిరకాసుంది. దాచమని మనం విడిగా చెప్పకపోతే లోపలి ఫంక్షన్ల పేర్లు కూడా బయటికి కనిపిస్తాయి. కనిపించినదాన్ని ఎవరో ఒకరు వాడుకుంటారు. వాడుకోవడం మొదలుపెట్టాక దాన్ని మార్చడానికి మన చేతులు కట్టేసినట్టే.

ఇదంతా ఆమె నాకు మా అంగడి భాషలో చెప్పింది. "గిరాకీ వచ్చినోడు అంగడి ముందర నిలబడి అడగాల. గోడౌన్లోకి బోయి తనే మూట ఎత్తుకునేది మరిగినాడనుకో, రేపు నువ్వు ఆ మూట ఇంకో మూలకు జరిపితే నా మూట యాడరా అని కొట్లాటకొస్తాడు. మీ నాయన రానిస్తాడా ఎవుర్నైనా గోడౌన్లోకి? మరి నువ్వెందుకు రానిస్తావు?"

సాయంత్రం బస్సుకు బయల్దేరేముందు ఆమెకొక అలవాటు. లైబ్రరీ బయటికి చూపించే పేర్లన్నిటినీ తెరమీద వరసగా రాసే చిన్న కమాండ్ ఒకటుంది. హ్యాండ్‌బ్యాగ్ భుజానికి తగిలించుకుని, నిలబడే ఆ కమాండ్ కొట్టేది. ఉదయగిరి చర్చిలో ఆదివారం బడి పిల్లలకు హాజరు పిలిచేది ఆమే. అదే గొంతుతో ఈ పేర్లు చదివేది. ఒక్కో పేరు దగ్గర ఆగి, "ఉండాది" అనుకుంటూ పోయేది. మధ్యలో తగలకూడని పేరు తగిలితే గొంతు మారిపోయేది. "ఇదెవురు? దీన్నెవురు రానిచ్చినారు?" అది నేను ఆ పొద్దు రాసిన ఫంక్షనే అయ్యుండేది. దాచే మాట దానికి తగిలించడం మరిచిపోయి ఉంటాను. బస్సు పోయినా సరే, దాన్ని లోపలికి పంపించి గానీ మెట్లు దిగేది కాదు. కింద మా నాయన, "ఆయమ్మకు బస్సు పోయిందిరా, టీ చెప్పు" అని కేకేసేవాడు.

మొదట్లో ఆమెకు ఇంత పట్టింపు ఉండేది కాదు. దుత్తలూరు కాటా దగ్గర జరిగినదాని తర్వాతే ఇలా తయారయింది.

అది కందుల కాలం. దుత్తలూరులో మా లైబ్రరీ వాడే కాటా ఒకటుంది. అక్కడ రైతులు తూకం తక్కువ వస్తోందని గొడవ చేస్తున్నారని కాటా యజమాని ఫోన్ చేశాడు. కాటా బాగానే ఉంది, రైతులు ఎప్పుడూ అలాగే అంటారు అని కూడా అన్నాడు. ఫోన్లో తేల్చుకోవచ్చు కదా అన్నాను నేను. ఆమె వినలేదు. ఉదయగిరి పోయి, అక్కడ ఇంకో బస్సు ఎక్కి, ఇద్దరం దుత్తలూరులో దిగాం.

కాటా ముందు ఒక పెద్దాయన తన బస్తాలమీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు, ఎవరో లాక్కుపోతారన్నట్టు. ఆమెను చూసి, "ఇంట్లో తూకమేసుకోని తెచ్చినానమ్మా. ఈడికొచ్చేసరికి బస్తా బస్తాకీ తగ్గిపోతా ఉండాది. దోవలో కందులు నేనేమన్నా బొక్కినానా?" అన్నాడు. నవ్వించడానికి అన్న మాట కాదు. 

ఆమె బస్తాలమీదే కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంది. మధ్యాహ్నం దాకా కదల్లేదు. కందుల దుమ్ముకు తుమ్ముతూ, మధ్యమధ్య ఆ పెద్దాయనతో ఆయన కోడలి కాన్పు గురించి మాట్లాడుతూ వెతికింది. ఉన్నట్టుండి మాట ఆపేసింది.

సంగతి ఇది. కందులకు మట్టి ఉంటుంది, తేమ ఉంటుంది. దానికని కొంత తూకం తగ్గించి రాసుకోవడం మా వైపు ఆనవాయితీ. దాన్ని తరుగు అంటాం. మేం క్వింటాలుకు ఇంత అని తీస్తాం. ఆ పని చేసే లోపలి ఫంక్షన్‌కు ఆమె తరుగు అనే పేరు పెట్టింది. ఆ కాటాలో బిల్లు ప్రోగ్రాం రాసిన అతను తన సొంత లెక్క ఒకటి పెట్టుకున్నాడు, బస్తాకు ఇంత అని. అతనూ తరుగు అనే పేరే పెట్టాడు. ఇంకేం పెడతాడు? ఎక్కడో బెంగళూరులో కూర్చున్నవాడైతే ఇంగ్లీషులో ఏదో పొడుగాటి పేరు పెట్టేవాడు, ఈ గొడవే వచ్చేది కాదు. మా పేరు లోపలే దాగి ఉంటే రెండూ ఒకదానికొకటి తగిలేవి కావు. అది బయటికి కనిపిస్తూ ఉండడంతో, మా లైబ్రరీ తన తరుగును పిలిచిన ప్రతిసారీ కంప్యూటర్ అతని తరుగును తెచ్చి పెట్టింది. క్వింటాలుకు తీయాల్సింది బస్తా బస్తాకూ తీసింది.

ఆమె లేచి నిలబడి, అక్కడున్న అందరికీ వినిపించేట్టు చెప్పింది. "అన్నా, తప్పు మాది. నేనే రాసినాను. దాచాల్సిందాన్ని దాచకుండా నేనే వదిలేసినాను. మీ తూకం సరైందే."

కాటా యజమాని ఆమెను పక్కకు పిలిచాడు. "అమ్మా, కొంచెం మెల్లగా చెప్పండి. రేపు నా కాటాకు ఎవురొస్తారు?"

"మెల్లగా ఎందుకు చెప్పేది? ఈ మాట ఇప్పుడు ఈళ్ల ముందర చెప్తేనే రేపు వస్తారు. గోడౌన్లో కదలకుండా ఉండే బస్తాలన్నీ బయటికి తీపించండి. మళ్లీ తూకమేద్దాం."

అన్నీ మళ్లీ తూకం వేయించింది. అప్పటికే లారీ ఎక్కి పోయినవాటి సంగతి కంపెనీతో చాలా రోజులు కొట్లాడి తేల్చింది. ఆ పెద్దాయన పోయేముందు ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. ఆమె ఉదయగిరి దాకా బస్సులో పక్కన కూర్చున్నవాళ్లతో కూడా మాట్లాడలేదు. కండక్టరు, "ఏందమ్మా, ఒంట్లో బాగలేదా?" అని అడిగాడు. దిగేముందు నాతో ఒక్క మాట అంది. "ఇంక ఒక్క పేరు గూడా అనవసరంగా బయట ఉండగూడదు శెట్టీ."

అనుకున్నంత సులువు కాదది. అప్పటికే కొన్నిచోట్ల బిల్లు ప్రోగ్రాంలు రాసేవాళ్లు మా లోపలి ఫంక్షన్లను నేరుగా పిలుచుకుంటున్నారు. కనిపించాయి కాబట్టి వాడుకున్నారు, వాళ్ల తప్పేమీ లేదు. ఇప్పుడు వాటిని ఒక్కసారిగా దాచేస్తే వాళ్ల ప్రోగ్రాంలు అసలు లేవనే లేవవు. కాటా ముందు రైతులు బస్తాలతో పడిగాపులు పడాలి. అందుకని ఒక్కొక్కరినీ పట్టుకుని, అందరికీ చూపించే ముందరి ఫంక్షన్లకు మార్పించి, ఆ తర్వాతే ఒక్కో పేరు లోపలికి పంపించాలి. ఆమె ఆ పని మొదలుపెట్టింది.

అది సగంలో ఉండగానే ఒక రోజు గదిలోకి వచ్చి, క్యారియర్ బల్లమీద పెడుతూ చెప్పింది. "క్యాన్సర్ అంట. పొట్టలో. బాగా ముదిరిందంట. నెల్లూరు డాక్టరు మొహం జూస్తే నేనే ఆయన్ని ఓదార్చాలేమో అనిపించింది. పుల్లగూర తెచ్చినాను, తింటావా?"

నేను తినలేదు. ఆమె తినింది. సాయంత్రానికి బస్టాండులో అందరికీ తెలిసిపోయింది. ఆమే చెప్పింది. మందులు ఎక్కించుకున్నాక జుట్టు ఊడిపోతే, స్కార్ఫ్ తీసి పక్కనున్న ఆడపిల్లకు నున్నటి తల చూపించి, "నూనె ఖర్చు మిగిలింది" అంది. ఆ పిల్ల ఏడ్చింది. కండక్టరు ముందు సీటు ఎవరినీ కూర్చోనివ్వకుండా ఆమె కోసం ఉంచడం మొదలుపెట్టాడు.

గదికి రాగలిగినన్ని రోజులు వచ్చింది. రాలేని రోజుల్లో ఆసుపత్రి మంచం మీదినుంచే ఫోన్లు చేసేది. కలిగిరి వైపు బిల్లు ప్రోగ్రాం రాసే ఒకాయన మొండికేశాడు. నేను పక్కనే ఉన్నాను. "మేడం, నాది బాగానే నడస్తా ఉండాదే, ఎందుకు మార్చాల?" అంటున్నాడు.

"నాయనా, నువ్వు మా లోపలికి వచ్చి వాడుకుంటా ఉండావు. నేను ఉండేవరకు నీకేం గాదు, నీది జూసుకోనే ఏదైనా మారస్తాను. అయితే నేను ఇంక ఎక్కువ దినాలు ఉండను. నా తరవాత వచ్చేవాడికి నువ్వు ఈడ ఉండావని తెలీదు. తెలీకుండా గోడ జరుపుతాడు. ఆ పొద్దు నీ కాటా ముందర జనం నిలబడుకోని ఉంటారు."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది. తర్వాత, "ఏం మార్చాల్నో చెప్పండమ్మా" అన్నాడు. గొంతు పోతున్నా ఒక్కో వరసా చెప్పి రాయించింది.

ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది. "నా తరవాత వచ్చేవాడు నువ్వే శెట్టీ. ఇదంతా నీకోసరమే. నేను రాసింది పాతబడతాది. లోపల నువ్వేం పీకినా బయట ఒక్క కాటా ఆగగూడదు. నేను రాసిందని మొహమాటపడబాక."

"అట్టా మాట్లాడబాక అక్కా."

"మాట్లాడకుండా ఉంటే బోకుండా ఉంటానా ఏంది?"

ఆమె గదికి వచ్చిన చివరి రోజు నాకు బాగా గుర్తుంది. మెట్లు ఎక్కలేకపోతే మా నాయన కుర్చీలో కూర్చోబెట్టి, మూటలు మోసే కూలీల చేత పైకి ఎత్తించాడు. కమాండ్ నన్ను కొట్టమంది. పేర్లు తను చదివింది. ఉండాల్సినవే ఉన్నాయి. తగలకూడనిది ఒక్కటీ లేదు. చివరిపేరు దగ్గర ఆగి, "అందరూ వచ్చినారు. పనికిమాలినోళ్లు ఎవురూ లేరు" అంది. ఆదివారం బడిలో పిల్లలందరూ వచ్చినప్పుడు ఎలా సంతోషించేదో నేను చూడలేదు గానీ, ఇలాగే ఉండి ఉంటుంది.

ఎండాకాలంలో పోయింది. ఉదయగిరి కొండ కింద సమాధి చేశారు. బస్సు మనుషులందరూ వచ్చారు. కండక్టరు డ్యూటీ మార్చుకుని వచ్చాడు. బస్టాండులో పూలు అమ్మే ఆమె వచ్చింది. అక్క ఏ పని చేసేదో వాళ్లలో ఒక్కరికీ సరిగా తెలియదు. ఆమె పనివల్ల తూకం సరిగా అందుకున్న రైతులు ఎన్ని ఊళ్లలో ఉన్నారో, వాళ్లలో ఒక్కరూ రాలేదు. దుత్తలూరులో ఆమెను చూసిన కొద్దిమందికి తప్ప మిగతావాళ్లకు అలాంటి మనిషి ఒకామె ఉందనే తెలియదు. ఆ రోజు అది నాకు చాలా అన్యాయంగా అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆమె భర్త దుత్తలూరు దగ్గర ఒక బడిలో డ్రిల్లు మాస్టారు. ఇంట్లో ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది కాబట్టి ఆయనకు మాట్లాడే అవసరం పడలేదు. సమాధి అయిన కొన్నాళ్లకు ఆమె క్యారియరూ కుర్చీమీది మెత్తా తీసుకుపోవడానికి మా గదికి వచ్చాడు. మెత్తను చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గర ఆగి, "అబ్బయ్యా, ఆమె రాసింది ఇంకా నడస్తా ఉండాదా?" అని అడిగాడు.

"నడస్తా ఉండాది సార్. దుత్తలూరు కాటాలో గూడా అదే."

తల ఊపి దిగిపోయాడు. తర్వాత ఎప్పుడో కాటా యజమాని ఫోన్లో మాటల మధ్య చెప్పాడు. "డ్రిల్లు సారు దినామూ సాయంత్రం బడి వదిలినాక స్కూటర్ ఆపి కాసేపు ఈడ నిలబడతాడు. ఏమీ మాట్లాడడు. కాటామీద ఎర్రంకెలు మారతా ఉంటే జూసి పోతాడు."

ఇప్పుడు వచ్చిన పని ఆ తరుగుదే. కొత్త కాటాలు తేమను కూడా అవే కొలుస్తాయి. తరుగు ఇకమీదట ఆ కొలతను బట్టి తీయాలి. ఆమె రాసింది దీనికి పనికిరాదు. మొత్తం తీసేయాలి. చెన్నై వాళ్లు అడిగిన ప్రతిసారీ ఏదో ఒక సాకు చెప్పాను. ఫైల్ తెరిస్తే అన్నిటికంటే పైన ఆమె పేరు. మూసేసేవాణ్ణి. కోడ్ మీద మమకారం కాదు. కాటా దగ్గర స్కూటర్ పక్కన నిలబడ్డ ఆ మనిషి కళ్లముందు మెదిలేవాడు. ఈ ఫంక్షన్ తీసేస్తే ఆయన చూసే అంకెల్లో ఆమె ఉండదు.

ఇంక వాయిదా వేయడానికి లేకుండా పోయింది. మొన్న కూర్చుని తీసేశాను. నాది రాశాను. పరీక్షలన్నీ సరిగా వచ్చాయి. అన్ని కాటాలకూ పంపించాను. నిన్న పొద్దుటినుంచి ఫోన్ బల్లమీద పెట్టుకుని కూర్చున్నాను. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి ఆగుతుంది, ఎవరో ఒకరు తిడుతూ ఫోన్ చేస్తారు అనుకున్నాను. చెయ్యాలని కోరుకున్నాను కూడా. ఒక్క ఫోన్ రాలేదు. మధ్యాహ్నం ఉండబట్టలేక దుత్తలూరుకు నేనే చేసి, కాటా ఎలా ఉందని అడిగాను. "ఏమైంది? బాగానే ఉండాదే" అన్నాడు యజమాని. ఆమె గెలిచింది. నాకు ఏడుపు ఆగలేదు. కింద గిరాకీకి వినిపిస్తుందని ఫ్యాన్ పెద్దది చేసుకున్నాను.

సాయంత్రం డ్రిల్లు సారు ఫోన్ చేశాడు. ఆయన నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి. వెనక ట్రాక్టర్ చప్పుడు వినిపిస్తోంది.

"అబ్బయ్యా, కాటా కాడ ఉండాను. ఈ పొద్దు సరుకు బాగా వచ్చింది. ఆమెది బాగా జూపిస్తా ఉండాది. ఊరికే, నీకు చెప్దామని."

అవును సార్ అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ అదే కాటా ముందు, అదే దుమ్ములో నిలబడి, మెల్లగా చెప్పమన్నవాడి మాట వినకుండా ఆమె అందరికీ చెప్పడం నేను చూశాను. ఆమె మొగుడికి అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"సార్, లోపల ఆమె రాసింది తీసేసినాను. నిన్ననే. ఇప్పుడు ఆడ నడిచేది నేను రాసింది."

ఆయన కాటా వైపు తిరిగి చూసినట్టున్నాడు.

"ఈడ ఏమీ మారలేదే" అన్నాడు.

"మారదు సార్. మారగూడదనే ఆమె అంత కష్టపడింది. అన్ని ఊళ్లలో గూడా ఒక్కటీ ఆగలా."

"ఎవురికీ తెలీలా?"

"తెలీలా సార్."

వెనక ట్రాక్టర్ వెళ్లిపోయింది.  అప్పుడు, కోపం లేకుండా, పిల్లలకు చెప్పినట్టు నిదానంగా అన్నాడు.

"నాకు చెప్పకుండా ఉండాల్సింది అబ్బయ్యా. ఇంకొన్నాళ్లు ఈడ నిలబడుకోని ఉండేవాణ్ణి."